సర్వరుకి ఏ లినక్స్ ఎక్కించాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

(కమాండ్లను నోటితో పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం. టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.)

ప్రశ్న: మా కాలేజీలో ఫీజులు, హాజరు చూసుకునే పీహెచ్‌పీ అప్లికేషన్ చాలా ఏళ్లుగా సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ మీద నడుస్తోంది. ఈ మధ్య యమ్‌తో (ప్యాకేజీలు వేసే టూల్) ఏ ప్యాకేజీ వేయబోయినా మిర్రర్ (ప్యాకేజీల నకలు ఉంచే సర్వరు) దొరకలేదని ఆగిపోతోంది. సర్వరు మాత్రం నిక్షేపంలా ఉంది. మార్చాలా? మారిస్తే ఆల్మానా, రాకీనా, ఉబుంటూనా?
— సిస్టమ్ అడ్మిన్, గుంటూరు

జవాబు: మార్చాలి. ఈ విద్యాసంవత్సరం దాటనివ్వకండి. సెంట్‌ఓఎస్ 7కి అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. ఆ తరవాత మిర్రర్ల జాబితా ఇచ్చే సర్వరునే తీసేశారు. యమ్ ఇంకా ఆ పేరునే వెతుకుతోంది కాబట్టి హోస్ట్ లేదని మొరాయిస్తోంది. రిపో (ప్యాకేజీల నిల్వ) ఫైళ్లలో అడ్రసును పాతవి దాచే సెంట్‌ఓఎస్ వాల్ట్‌కి తిప్పితే యమ్ మళ్లీ పలుకుతుంది, కానీ అక్కడున్నవన్నీ పాత ప్యాకేజీలే. కొత్తగా బయటపడే లోపాలకి మందు అక్కడ దొరకదు. మారే పనికి ఒకటి రెండు టూల్స్ కావాలంటే తెచ్చుకోడానికి వాడుకోండి, అంతవరకే.

దేనికి మారాలో చెప్పేముందు ఒక పాత సంగతి. 2019లో వచ్చిన సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా ఢోకా లేదని అందరూ నమ్మారు. 2020 డిసెంబర్ 8న, అది 2021 చివరికే ముగుస్తుందని ప్రకటన వచ్చింది. బుద్ధిగా 7 నుంచి 8కి మారినవాళ్లే ముందు రోడ్డున పడ్డారు. కదలకుండా 7 మీదే కూర్చున్నవాళ్లకి ఇంకో రెండున్నరేళ్లు దొరికాయి. కాబట్టి డిస్ట్రో (లినక్స్ రకం) ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది గడువు తేదీ. ఆ వెంటనే, ఆ తేదీకి పూచీ ఎవరిదో చూడాలి. మెనూలు, లోగోలు, స్నేహితుడి సలహా ఇవన్నీ ఆ తరవాతే.

మీకు యమ్, ఫైర్‌వాల్‌డీ, ఎస్ఈలినక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో కాపలా కాసేది) చేతికి అలవాటయ్యాయి కాబట్టి ఆల్మా 9 గానీ రాకీ 9 గానీ వేసుకోండి. రెండూ, సెంట్‌ఓఎస్‌కి కూడా మూలమైన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 వెంట నడుస్తాయి, రెండింటికీ సెక్యూరిటీ అప్‌డేట్లు 2032 మే దాకా ఉన్నాయి. రెండూ 2021లోనే పుట్టాయి. సెంట్‌ఓఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కుర్ట్‌జర్ రాకీని మొదలుపెట్టారు, ఆల్మా వెనక క్లౌడ్‌లినక్స్ సంస్థ మొదట నిలబడింది, ఇప్పుడు ఫౌండేషన్ నడుపుతోంది. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన సోర్సు కోడ్‌ను అందరికీ పెట్టడం తగ్గించాక దారులు కొంచెం విడిపోయాయి. రాకీ ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా రెడ్ హ్యాట్‌లాగే ఉండాలని చూస్తుంది. ఆల్మా, రెడ్ హ్యాట్ కోసం కట్టిన సాఫ్ట్‌వేర్ తన మీద నడిస్తే చాలనుకుని కొన్ని లోపాలను తనే ముందుగా సరిదిద్దుతోంది. కాలేజీ పనికి ఈ తేడా మీ కంటికి కూడా కనిపించదు. ఎవరైనా వెండర్ తన సాఫ్ట్‌వేర్‌కి ఫలానా డిస్ట్రో అని కాగితం మీద రాసి ఇస్తేనే అటో ఇటో మొగ్గండి.

మీ అసలు తలనొప్పి డిస్ట్రో కాదు, పీహెచ్‌పీ. సెంట్‌ఓఎస్ 7తో వచ్చింది 5.4. ఆల్మా 9లో మామూలుగా దొరికేది 8.0, మాడ్యూళ్ల ద్వారా 8.1, 8.2, 8.3 వేసుకోవచ్చు. మీ కోడ్‌లో ‘మైఎస్‌క్యూఎల్_కనెక్ట్’ లాంటి పాత ఫంక్షన్లు ఉంటే అవి పీహెచ్‌పీ 7.0లోనే పోయాయి. ‘ఈచ్’, ‘క్రియేట్_ఫంక్షన్’ 8.0లో పోయాయి. ఇప్పుడే కోడ్ ఫోల్డర్‌లో ‘గ్రెప్ -ఆర్ఎన్’తో ‘మైఎస్‌క్యూఎల్_’ అని వెతికించి ఎన్ని వరుసలొస్తాయో చూడండి. పదో ఇరవయ్యో వస్తే వారం పని. వందలకొద్దీ వస్తే ముందు ప్రోగ్రామరుని పిలవండి, సర్వరు సంగతి తరవాత. ఏ డిస్ట్రోకి మారినా ఈ పని తప్పదు.

ఉన్న మెషిన్ మీదే 7ని 9గా మార్చే దారి ఉంది. ఆల్మా వాళ్ల ఎలివేట్ టూల్ 7 నుంచి 8కి, 8 నుంచి 9కి మెట్టు మెట్టుగా తీసుకెళ్తుంది. చాలాకాలంగా నడుస్తున్న సర్వరులో బయటి రిపోల ప్యాకేజీలు పేరుకుపోయి ఉంటాయి, అవే మధ్యలో అడ్డం పడతాయి. వేరే మెషిన్‌లో కొత్తగా 9 వేసి డేటా తరలించడమే మంచిది. డేటాబేస్ ఫోల్డర్‌ని మాత్రం కాపీ కొట్టకండి. పాతది మరియాడీబీ 5.5, కొత్తది 10.5. ‘మైఎస్‌క్యూఎల్‌డంప్’తో మీ అప్లికేషన్ డేటాబేస్‌ను మాత్రమే తీయండి, ‘--రొటీన్స్’, ‘--ఈవెంట్స్’ మరవకండి, లేకపోతే స్టోర్డ్ ప్రొసీజర్లు, షెడ్యూల్ చేసిన పనులు అక్కడే ఉండిపోతాయి. ‘మైఎస్‌క్యూఎల్’ అనే సిస్టమ్ డేటాబేస్‌ని కూడా ఎక్కిస్తే యూజర్ల టేబుల్ దెబ్బతింటుంది, ఎందుకంటే 10.4 నుంచి అది టేబుల్ కాదు, వ్యూ. యూజర్లను, పర్మిషన్లను కొత్తచోట చేత్తో సృష్టించుకోండి.

కొత్త సర్వరుని రెండు వారాలు పక్కనే నడిపి, ఒక పాత రోజు ఫీజు రిపోర్టు రెండుచోట్లా తీసి పోల్చి చూడండి. మొత్తం రూపాయలు కలిస్తే చాలదు, రసీదు నంబర్ల వరుస కూడా కలవాలి. మార్పుకి ఒకరోజు ముందు డీఎన్‌ఎస్ టీటీఎల్ (పాత అడ్రసును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300 సెకన్లకి దించండి. ఫీజుల ఆఖరు తేదీ వారంలో ఈ పని పెట్టుకోకండి.

ప్రశ్న: మా చీరల షాపుకి వర్డ్‌ప్రెస్ సైట్ పెట్టాలి. 1 జీబీ మెమరీ ఉన్న వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వరు) తీసుకున్నాను. డెబియన్ మేలా, ఉబుంటూ మేలా?
— కరీంనగర్

జవాబు: ఈ మెమరీకి డెబియన్. ఉబుంటూ చెడ్డదని కాదు. అది స్నాప్ (ఉబుంటూ సొంత ప్యాకేజీ పద్ధతి) సర్వీసు లాంటివి నాలుగు వెంటబెట్టుకుని వస్తుంది, 1 జీబీలో అవి మీ డేటాబేస్ తినాల్సిన మెమరీ తింటాయి. 2 జీబీ, 4 జీబీ అయితే ఏదైనా ఒకటే.

గడువులు చూడండి. డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టు 9న. మూడేళ్లు డెబియన్ సెక్యూరిటీ టీమ్ చూస్తుంది, ఆపైన ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) టీమ్ ఇంకో రెండేళ్లు మోస్తుంది. ఉబుంటూలో సరిసంఖ్య సంవత్సరాల ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్‌నే సర్వరుకి తీసుకోవాలి. మధ్యలో వచ్చేవాటికి తొమ్మిది నెలలే ఆయుష్షు. 24.04కి 2029 దాకా మామూలు సపోర్ట్, ఉబుంటూ ప్రో అనే అదనపు సపోర్ట్‌తో 2034 దాకా. చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఆ ఐదేళ్ల హామీ ‘మెయిన్’ అనే విభాగానికే. ‘యూనివర్స్’ విభాగంలో ఉన్న వేల ప్యాకేజీలకి ఖచ్చితమైన సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే ప్రోకి అనుసంధానం చేసుకోవాలి. లాగిన్ కాగానే ‘ఈఎస్ఎమ్ ఆప్స్ ద్వారా ఇంకా ఇన్ని అప్‌డేట్లు’ అని కనిపించేది దాని గురించే. ప్రకటన అనుకుని వదిలేయకండి. ఐదు మెషిన్ల దాకా ప్రో ఉచితం.

ఇక 1 జీబీలో ఎలా సర్దాలో లెక్క వేద్దాం. డెబియన్‌లో డేటాబేస్ అంటే మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్ దాని రిపోలో లేదు. మరియాడీబీ ఇన్నోడీబీ బఫర్ పూల్ (డేటా కోసం పట్టుకునే మెమరీ) మామూలుగా 128 ఎంబీ. పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌లో ‘పీఎమ్.మ్యాక్స్_చిల్డ్రన్’ (ఒకేసారి నడవగల చైల్డ్ ప్రాసెస్‌ల సంఖ్య) డెబియన్ ఇచ్చేది 5. నాలుగైదు ప్లగిన్లున్న వర్డ్‌ప్రెస్‌లో ఒక్కో చైల్డ్ 50, 60 ఎంబీ తీసుకుంటుందనుకోండి, మొత్తం 300. సిస్టమ్‌కి మరో 150, 200. సరిపోయింది. ఎవరో సైట్ స్పీడ్ పెరుగుతుందన్నారని ఆ 5ని 30 చేశారనుకోండి, పండగ సేల్ రోజు ముప్పైమంది ఒకేసారి వస్తే మెమరీ అయిపోయి కెర్నల్ ఎవరో ఒకరిని చంపుతుంది. సాధారణంగా బలయ్యేది మరియాడీబీ. తెరమీద ‘డేటాబేస్ కనెక్షన్ కుదరలేదు’ అని వస్తుంది, మీరు పాస్‌వర్డ్ తప్పేమోనని వెతుకుతూ ఉంటారు. ముందు ‘డీమెసేజ్’ నడిపి ‘అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్’ అనే వరుస ఉందేమో చూడండి.

2 జీబీ స్వాప్ ఫైలు (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) పెట్టుకోండి. ‘ఎఫ్‌అలొకేట్ -ఎల్ 2జీ /స్వాప్‌ఫైల్’, ‘సీహెచ్‌మాడ్ 600’, ‘ఎమ్‌కే‌స్వాప్’, ‘స్వాప్ఆన్’, ఈ నాలుగూ వరుసగా. ఐదోది ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు చదివే ఫైలు) వరుస చేర్చడం. అది మరిస్తే మొదటి రీబూట్‌కే స్వాప్ మాయమవుతుంది, మీకు తెలియను కూడా తెలియదు.

డెబియన్ 13లో కొత్తగా వచ్చిన మార్పొకటి చిన్న సర్వర్లని ఇబ్బంది పెడుతుంది. ‘/టీఎమ్‌పీ’ ఇప్పుడు డిస్క్ మీద కాదు, మెమరీలో. సగం మెమరీ దాకా అది ఆక్రమించగలదు. బ్యాకప్ ప్లగిన్ 400 ఎంబీ జిప్ ఫైలుని అక్కడ కట్టిందంటే అంత మెమరీ పోయినట్టే. ‘సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ టీఎమ్‌పీ.మౌంట్’ ఇచ్చి రీబూట్ చేస్తే పాత పద్ధతికి వస్తుంది. లేదా బ్యాకప్‌ని ‘/వార్/టీఎమ్‌పీ’కి మళ్లించండి.

వీపీఎస్ కాకుండా ఆఫీసులో సొంత మెషిన్ మీద డెబియన్ వేసేవాళ్లకి మరో మాట. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ ఇస్తే మీ యూజరుకి సుడో (రూట్ అధికారంతో కమాండ్ నడిపే వీలు) రాదు. ఖాళీగా వదిలేస్తే మీ యూజరుకి సుడో దానంతట అదే వస్తుంది. పాస్‌వర్డ్ ఇచ్చేసి తరవాత ‘ఎస్‌యూ’తో రూట్‌లోకి వెళ్లి ‘యూజర్‌మాడ్’ అంటే కమాండ్ లేదంటుంది. కమాండ్ ఉంది, దాన్ని వెతికే దారుల జాబితాలో (పాత్‌లో) ఆ ఫోల్డర్ లేదు. ‘ఎస్‌యూ -’ అని పక్కన గీత పెట్టి వెళ్లండి.

క్లౌడ్‌లో ఉబుంటూ తీసుకున్నవాళ్లు పాస్‌వర్డ్ లాగిన్ ఆపానని అనుకుని మోసపోయే చోటు కూడా చెప్పాలి. ఎస్ఎస్‌హెచ్‌డీ (దూరం నుంచి లాగిన్ చేయించే సర్వీసు) కాన్ఫిగ్ ఫైల్లో ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో’ అని రాస్తారు. కానీ ఆ ఫైలు మొదట్లోనే ఇంక్లూడ్ వరుస ఉంటుంది, దాని ద్వారా ‘50-క్లౌడ్-ఇనిట్’ అనే ఫైలు ముందు చదవబడుతుంది, కొన్ని ఇమేజుల్లో అందులో ‘యెస్’ అని ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్ మొదట చదివిన మాటనే పట్టుకుంటుంది, కిందది చూడదు. ‘ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ’ (పెద్ద టీ) ఇచ్చి అసలు అమల్లో ఉన్నది ఏమిటో చూసుకోండి. మీరు రాసింది కాదు, అది చూపించేదే నిజం.

ప్రశ్న: ఆడిట్ వాళ్లు మా డెబియన్ 12 సర్వరులో ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 9.2 ఉందని, 9.8కి మార్చకపోతే ప్రమాదమని ఎర్రగీత పెట్టారు. రోజూ అప్‌డేట్ చేస్తున్నాం. సోర్సు నుంచి కొత్తది కంపైల్ చేసి వేయమంటున్నారు. వేయాలా?
— హైదరాబాద్

జవాబు: వేయకండి. వేస్తే ఇవాళ రిపోర్టు పచ్చబడుతుంది, రేపటి నుంచి ఆ ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌కి అప్‌డేట్లు తెచ్చే బాధ్యత పూర్తిగా మీ మీద పడుతుంది. డెబియన్‌లో ప్యాకేజీలు చూసుకునే ఆప్ట్‌కి దాని ఉనికే తెలియదు.

నిలకడైన డిస్ట్రోలు చేసేది ఇదీ: వెర్షన్ నంబరు మార్చవు, కొత్త వెర్షన్‌లో వచ్చిన సెక్యూరిటీ దిద్దుబాటుని మాత్రం తీసి పాతదానికి అతికిస్తాయి. మీవాళ్లు చూపిస్తున్నది 2024 జులై 1న బయటపడ్డ సీవీఈ-2024-6387 (సీవీఈ అంటే భద్రతా లోపానికి ఇచ్చే నంబరు) అయి ఉంటుంది. దాన్ని మూలంలో 9.8లో సరిచేశారు. డెబియన్ 12లో అదే దిద్దుబాటు 9.2పీ1-2+డెబ్12యూ3లో వచ్చింది. ‘డీపీకేజీ -ఎల్ ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్-సర్వర్’ ఇస్తే మీ దగ్గరున్న పూర్తి నంబరు వస్తుంది. చివర యూ3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మీరు క్షేమం. స్కానర్ బయటినుంచి ‘9.2’ మాత్రమే చదివి గంట కొడుతోంది.

ఇదే లోపం విషయంలో డెబియన్ 11, రెడ్ హ్యాట్ 8 ఇంకా పాత ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌తో ఉన్నా వాటికి తగల్లేదు, ఎందుకంటే ఆ తప్పు 8.5లో కొత్తగా చొరబడింది. నంబరు పెద్దదైతే భద్రం, చిన్నదైతే ప్రమాదం అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

ఆడిటర్‌కి మాటలతో చెప్పకండి. డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్‌లో ఆ సీవీఈ పేజీ ప్రింటు, మీ మెషిన్‌లో ‘డీపీకేజీ’ చూపించిన వరుస, ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో ఆ సీవీఈ నంబరున్న భాగం, ఈ మూడూ జతచేయండి. రెడ్ హ్యాట్ కుటుంబంలో అయితే ‘ఆర్‌పీఎమ్ -క్యూ --చేంజ్‌లాగ్’తో అదే పని అవుతుంది. ఇంకొకటి: అప్‌డేట్ వేశాక ఎస్ఎస్‌హెచ్ సర్వీసు రీస్టార్ట్ అయిందో లేదో చూశారా? డిస్క్ మీద కొత్తది, మెమరీలో పాతది నడుస్తుంటే ఆడిటర్ మాటే నిజమవుతుంది.

ప్రశ్న: ఉబుంటూ సర్వర్ వేశాను. డిస్క్ 1 టీబీ. ‘డీఎఫ్ -హెచ్’ చూస్తే 98 జీబీయే కనిపిస్తోంది. డిస్క్ నకిలీదా?
— విజయనగరం

జవాబు: డిస్క్ మంచిదే. ఉబుంటూ ఇన్‌స్టాలర్ ఎల్‌వీఎమ్‌తో (డిస్క్‌ని వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి) వేసినప్పుడు, 200 జీబీ దాటిన డిస్క్‌లో రూట్‌కి 100 జీబీ మాత్రమే ఇచ్చి మిగతాది ఖాళీగా ఉంచుతుంది. ‘సుడో వీజీఎస్’ ఇస్తే వీఫ్రీ కింద మిగిలిన 800 పైచిలుకు జీబీ కనిపిస్తుంది. మొత్తం కావాలంటే ‘సుడో ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +100%ఫ్రీ /డెవ్/ఉబుంటు-వీజీ/ఉబుంటు-ఎల్‌వీ’. రెండో ఆప్షన్ చిన్న ఎల్, ‘ఫ్రీ’ పెద్దక్షరాల్లో. ఆ ‘-ఆర్’ వల్ల ఫైల్‌సిస్టమ్ కూడా పెరుగుతుంది. రీబూట్ అక్కర్లేదు.

కానీ మొత్తం ఒకేసారి లాగేయకండి. 300 జీబీ ఇచ్చి చూడండి. ఉబుంటూ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ని నడుస్తుండగానే పెంచవచ్చు, తగ్గించాలంటే మాత్రం అన్‌మౌంట్ చేయాలి. రూట్‌కి అది పెద్ద తంటా. ఖాళీ ఉంచుకుంటే డేటాబేస్‌కి వేరే వాల్యూమ్ తీయవచ్చు, పెద్ద అప్‌గ్రేడ్ ముందు స్నాప్‌షాట్ తీయవచ్చు. ఆల్మా, రాకీల్లో మామూలుగా వచ్చే ఎక్స్‌ఎఫ్ఎస్ అయితే తగ్గించడం అసలే కుదరదు.

ప్రశ్న: ఇంట్లో ప్రాక్టీసుకి పాత ర్యాక్ సర్వరు కొన్నాను, జియాన్ ఈ5-2650 వీ2. రాకీ 10 బూట్ అవగానే గ్లిబ్‌సీ ఎర్రర్ ఇచ్చి కెర్నల్ ప్యానిక్. 9 బాగానే నడిచింది. మెమరీ పాడైందా?
— డల్లాస్

జవాబు: మెమరీని అనుమానించకండి, ప్రాసెసర్ సరిపోలేదు. రెడ్ హ్యాట్ 10 నుంచి ఎక్స్86-64-వీ3 స్థాయి ప్రాసెసర్ ఉండాలి. అంటే ఏవీఎక్స్2 లాంటి ఆదేశాలు తెలిసినది, ఇంటెల్‌లో 2013 నాటి హ్యాస్‌వెల్ నుంచి మొదలు. మీ చిప్ అంతకు ముందుతరం ఐవీ బ్రిడ్జ్. పేరులో ఉన్న ‘వీ2’కి, ఈ స్థాయిల్లో ‘వీ2’కి సంబంధం లేదు, ఇక్కడ కాకతాళీయంగా రెండూ ఒకటయ్యాయంతే. ‘ఎల్ఎస్‌సీపీయూ’ ఇచ్చి ఫ్లాగ్స్ వరుసలో ఏవీఎక్స్2 ఉందేమో చూడండి, లేకపోతే రాకీ 10 ఆశ వదులుకోవచ్చు.

మీ ముందు మూడు దారులున్నాయి. రాకీ 9 మీదే ఉండండి, దానికి వీ2 చాలు, 2032 దాకా గడువుంది. పాత సర్వరు అంతకాలం కరెంటు బిల్లుకి తట్టుకోవడమే కష్టం. పదో వెర్షనే నేర్చుకోవాలంటే ఆల్మా 10 వాళ్లు వీ2 ప్రాసెసర్ల కోసం విడిగా ఒక ఐఎస్ఓ ఇస్తున్నారు. అయితే రెడ్ హ్యాట్ 10 కోసం బయటి కంపెనీలు కట్టిన ప్యాకేజీలు వీ3కే కట్టి ఉంటాయి, అవి దానిమీద నడవవు. లేదా డెబియన్ 13, దానికి 64 బిట్ ప్రాసెసర్ ఉంటే చాలు.

కొత్త ప్రాసెసర్ ఉన్నా ఇదే ఎర్రర్ వర్చువల్ మెషిన్లలో వస్తుంది. వర్చువల్ మెషిన్లను (వీఎమ్) నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో కొత్త వీఎమ్‌కి మామూలుగా ఇచ్చే సీపీయూ రకం ‘ఎక్స్86-64-వీ2-ఏఈఎస్’. అసలు చిప్‌లో ఏవీఎక్స్2 ఉన్నా వీఎమ్‌కి కనబడదు. సీపీయూ రకాన్ని ‘హోస్ట్’కి మార్చి, వీఎమ్‌ని పూర్తిగా ఆపి మళ్లీ లేపండి. లోపలినుంచి రీబూట్ చేస్తే మార్పు ఎక్కదు.

ప్రశ్న: ఆల్మా 9 మీద ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వరు వెనక నోడ్ అప్లికేషన్ పెట్టాను. అదే మెషిన్‌లో కర్ల్‌తో 3000 పోర్టుకి వెళ్తే పేజీ వస్తోంది, బ్రౌజరులో 502 ఎర్రర్. ఎస్ఈలినక్స్ ఆపేస్తే పనిచేస్తోంది. అందరూ ఆపేయమనే అంటున్నారు. లేదా ఉబుంటూకి మారిపోనా?
— బెంగళూరు

జవాబు: ఆపొద్దు, మారొద్దు. ఇది ఒక్క వరుస పని: ‘సుడో సెట్‌సీబూల్ -పీ హెచ్‌టీటీపీడీ_కెన్_నెట్‌వర్క్_కనెక్ట్ ఆన్’. ఆ ‘-పీ’ పెద్దక్షరం. అది లేకపోతే రీబూట్‌తో మార్పు పోతుంది, మూడు నెలల తరవాత ఏ అర్ధరాత్రో 502 తిరిగొస్తుంది.

ఎందుకు ఆగిందంటే, వెబ్ సర్వరు ఫైళ్లు చూపించాలే గానీ తనంతట తను వేరే పోర్టులకి కనెక్షన్లు పెట్టకూడదని ఎస్ఈలినక్స్ మామూలు నియమం. ఎవరైనా ఎన్‌జిన్‌ఎక్స్‌లోకి దూరితే లోపలి డేటాబేస్ మీదికి పోకుండా ఆపేది ఈ నియమమే. ‘ఏయూసెర్చ్ -ఎమ్ ఏవీసీ -టీఎస్ రీసెంట్’ ఇస్తే ‘డినైడ్ నేమ్_కనెక్ట్’ అన్న వరుస కనిపిస్తుంది. కారణం అక్కడే రాసి ఉంటుంది, ఎక్కువమంది ఆ లాగ్ తెరవకుండానే ఆపేస్తారు.

రెండో సాధారణ బాధ 403 (అనుమతి లేదు) ఎర్రర్. ఫైళ్లను హోమ్ ఫోల్డర్‌లో తయారుచేసి ‘ఎమ్‌వీ’తో వెబ్ ఫోల్డర్‌కి తెస్తే పాత ఎస్ఈలినక్స్ లేబుల్‌తోనే వస్తాయి. ‘సీపీ’తో తెస్తే కొత్తచోటి లేబుల్ పడుతుంది. పర్మిషన్లు 777 చేసినా 403 పోదు, ఎందుకంటే సమస్య పర్మిషన్లది కాదు. ‘రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ’ (ఆర్ పెద్దది) ఆ ఫోల్డర్ మీద నడపండి. సైట్ మామూలు చోట కాకుండా ‘/డేటా’ లాంటి చోట ఉంటే ముందు ‘సీమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్’తో ఆ దారికి లేబుల్ నమోదు చేసి, అప్పుడు రీస్టోర్‌కాన్. అప్‌లోడ్లు పడే ఫోల్డర్ ఒక్కదానికే రాయగలిగే లేబుల్ ఇవ్వండి, మొత్తం సైట్‌కి కాదు.

పరీక్షకి ‘సెట్‌ఎన్‌ఫోర్స్ 0’ పది నిమిషాలు పెట్టడంలో తప్పులేదు, అయ్యాక 1 చేయండి. ఏళ్లతరబడి పూర్తిగా ఆపేసి ఉన్న సర్వరులో ఒక్కసారిగా ఎన్‌ఫోర్సింగ్ పెడితే మాత్రం లాగిన్ కూడా కాకపోవచ్చు, మధ్యకాలంలో పుట్టిన ఫైళ్లకి లేబుళ్లు ఉండవు. ముందు పర్మిసివ్‌లో (ఆపకుండా లాగ్ మాత్రం రాసే స్థితి) పెట్టి, ‘ఫిక్స్‌ఫైల్స్ -ఎఫ్ ఆన్‌బూట్’ (ఎఫ్ పెద్దది) ఇచ్చి రీబూట్ చేయండి, లాగ్ శుభ్రంగా ఉందని చూసుకున్నాకే ఎన్‌ఫోర్సింగ్.

ఉబుంటూలో ఎస్ఈలినక్స్ బదులు ఉండే ఆప్‌ఆర్మర్ మామూలుగా ఎన్‌జిన్‌ఎక్స్‌ని ఏమీ అనదు. అందుకే అక్కడ ఈ బాధ ఉండదు, ఈ కాపలా కూడా ఉండదు.

ప్రశ్న: సర్వరుకి ఆర్చ్ గానీ ఫెడోరా గానీ వాడితే ఏమవుతుంది? అన్నీ కొత్తవే ఉంటాయి కదా.
— విద్యార్థి, తిరుపతి

జవాబు: నేర్చుకోడానికి బాగుంటాయి, నలుగురు ఆధారపడే సర్వరుకి వద్దు. ఫెడోరా ఒక్కో వెర్షన్‌కి పదమూడు నెలలే ఆయుష్షు. ఆర్చ్‌లో వెర్షన్లే లేవు, ఏ మంగళవారం అప్‌డేట్‌లోనైనా డేటాబేస్ పెద్ద వెర్షన్ మారి పాత డేటాని చదవనని మొండికేయవచ్చు.

కొత్తదనం వెల ఎంతో 2024 మార్చి 29న అందరూ చూశారు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ బయటపెట్టారు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆరాతీస్తే దొరికింది. అది అప్పటికే, కొత్తవి ముందుగా వచ్చే డెబియన్ టెస్టింగ్‌కి, ఫెడోరా రాహైడ్‌కి, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్‌కి చేరింది. డెబియన్ స్టేబుల్, ఉబుంటూ ఎల్‌టీఎస్, రెడ్ హ్యాట్ వాడేవాళ్ల దాకా రాలేదు. నెలలకొద్దీ ఆగి తీసుకునే అలవాటు వాళ్లని కాపాడింది.

ప్రశ్న: విండోస్ ల్యాప్‌టాప్‌లో మా సాఫ్ట్‌వేర్ తెలుగు రసీదు పీడీఎఫ్ చక్కగా ఇస్తోంది. సర్వరులో పెడితే తెలుగు అంతా డబ్బాలు. లినక్స్‌కి తెలుగు రాదా? ఏ డిస్ట్రో అయితే వస్తుంది?
— కాకినాడ

జవాబు: అన్నింటికీ వస్తుంది. సర్వర్ ఇన్‌స్టాలేషన్‌లో ఫాంట్లు వేయరు, అంతే తేడా. డెబియన్, ఉబుంటూల్లో ‘ఫాంట్స్-నోటో-కోర్’ వేస్తే నోటో శాన్స్ తెలుగు వస్తుంది. ‘ఫాంట్స్-టెలు’ వేస్తే పోతన, వేమన, లోహిత్ కూడా వస్తాయి. ఆల్మా, రాకీల్లో ‘గూగుల్-నోటో-శాన్స్-తెలుగు-ఫాంట్స్’. వేశాక ‘ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ’ ఇస్తే వరుసలు రావాలి. వచ్చాక మీ అప్లికేషన్ సర్వీసుని రీస్టార్ట్ చేయండి, పాత ఫాంట్ జాబితా దాని మెమరీలోనే ఉంటుంది. డాకర్‌లో నడిపేవాళ్లు ఫాంట్‌ని కంటెయినర్ ఇమేజ్‌లో వేయాలి, బయటి మెషిన్‌లో వేస్తే లోపలికి కనిపించదు.

డబ్బాలు పోయి అక్షరాలు వచ్చినా వత్తులు విడివిడిగా పడి ‘లక్ష్మి’ అన్న పేరు మధ్యలో పొల్లు గుర్తుతో విరిగి కనిపిస్తే అది ఫాంట్ లోపం కాదు. మీ పీడీఎఫ్ లైబ్రరీకి అక్షరాలను కూర్చడం రాదు. ఆ కూర్పు చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీ వాడే పద్ధతికి మారండి. తెర లేకుండా నడిచే (హెడ్‌లెస్) క్రోమియమ్ బ్రౌజరుతో హెచ్‌టీఎమ్‌ఎల్‌ని పీడీఎఫ్ చేయడం అందులో తేలిక, అయితే మెమరీ బాగా తింటుంది, 1 జీబీ మెషిన్‌లో పెట్టకండి.

డబ్బాల బదులు ప్రశ్నార్థకాలు వస్తుంటే మాత్రం వెంటనే కొత్త ఎంట్రీలు ఆపండి. డబ్బా అంటే డేటా ఉంది, గీయడానికి ఫాంట్ లేదు. డేటాబేస్‌లోనే ప్రశ్నార్థకం కనిపించిందంటే, లాటిన్1 టేబుల్‌లోకో కనెక్షన్‌లోకో తెలుగు వెళ్లి అక్కడే పోయింది. టేబుల్‌ని, కనెక్షన్‌ని రెండింటినీ యూటీఎఫ్8ఎంబీ4కి మారిస్తే ఇకమీదటివి బాగుంటాయి. ఇప్పటికే ప్రశ్నార్థకాలైనవి ఏ ఫాంట్‌తోనూ, ఏ డిస్ట్రోతోనూ తిరిగి రావు, వాటిని బ్యాకప్ నుంచో కాగితం రసీదుల నుంచో మళ్లీ ఎక్కించుకోవాలి.